బారువలో ఎనిమిదేళ్లు: నన్ను నిలిపింది ఇక్కడి చీకటి

శ్రీకాకుళం జిల్లా బారువలో సూర్యోదయం, లైట్‌హౌసు, మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు, ఇవన్నీ వచ్చిన వాళ్లంతా చూసి మెచ్చుకునేవే. నాకు మాత్రం ఇక్కడి చీకటి కావాలి. 2017 వేసవిలో విశాఖపట్నం నుంచి వచ్చేశాం. అమావాస్య నాడు డాబా మీద పడుకుంటే చుక్కలు సముద్రం అంచు దాకా కనిపిస్తాయి. ఎన్నో ఏళ్ల తర్వాత బిళ్ల వేసుకోకుండా నిద్రపోయింది ఈ ఊళ్లోనే.

వచ్చిన కొత్తలో ఆ చీకటంటేనే భయమేసేది. పాములుంటాయని, ఎవరైనా గోడ దూకుతారని టెన్షన్. డాబా మీద సముద్రం వైపు పెద్ద ఎల్‌ఈడీ ఫోకస్ లైటు పెట్టించాను. రాత్రంతా వెలుగుతూనే ఉండేది.

2018 మార్చి ఆఖర్లో ఒకరోజు, ఇంకా తెల్లారలేదు. వేటకెళ్తున్న ఒకాయన గేటు దబదబా కొట్టాడు. "లైటు కట్టెయ్యండి బాబూ! తాబేలు పిల్లలన్నీ ఇటే వచ్చేస్తన్నాయి!"

టార్చి పట్టుకుని వెళ్లి చూస్తే గేటు ముందు ఇసుక మీద అన్నీ సన్నటి గీతలు. ఒక్క గీతా సముద్రం వైపు లేదు, అన్నీ మా ఇంటివైపే. తాబేలు గుడ్లు ఏరి, కాపలా ఉంచి పొదిగించే చోటికి చేర్చేవాళ్ల కంట పడని గుడ్ల గుంట ఏదో దిబ్బ అవతల ఉండిపోయింది. ఒక్కో గుంటలో వంద దాకా గుడ్లుంటాయి, నెలన్నర దాటాక పిల్లలు రాత్రిపూట బయటికొస్తాయి. చీకటి తీరంలో నేలకన్నా సముద్రం మీది ఆకాశమే కాస్త తెల్లగా ఉంటుంది కాబట్టి, అవి ఆ వెలుగునే నమ్ముకుని నడుస్తాయి. ఆ రాత్రి వాటికి నా లైటు కనిపించింది.

మా ఆవిడా, నేనూ, ఆయనా వంగి వంగి ఏరాం. అరచేతిలో సగం కూడా లేవు. కళ్ల మీద ఇసుక అంటుకుని ఉంది. పైకెత్తినా గాల్లోనే రెక్కలు ఆడిస్తూ ఈదుతున్నాయి. తట్టలోకి ముప్పై ఒకటి వచ్చాయి. మెట్ల కింద కొన్నిటిని అప్పటికే కుక్కలు కొరికేశాయి. నీళ్లలో వదలబోతే ఆయన ఆపి, తడి ఇసుక మీద పెట్టమన్నాడు, వాటంతట అవే నడిచి వెళ్లాలట. అల వచ్చి ఒక్కొక్కదాన్నే తీసుకుపోతుంటే మా ఆవిడ ఏడ్చేసింది. ఆ పొద్దున్నే ఫోకస్ లైటు ఊడదీయించాను. అప్పట్నుంచి జనవరి వచ్చిందంటే మే నెల దాటేదాకా సముద్రం వైపు కిటికీలకు మందం పరదాలు వేస్తాం.

చీకటి ఎప్పుడూ హాయిగానే ఉంటుందని చెప్పలేను. అదే ఏడాది అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చాక రెండు వారాలు దాటినా కరెంటు రాలేదు. దొడ్లో తొమ్మిది కొబ్బరి చెట్లుంటే రెండు మిగిలాయి. రాత్రుళ్లు ఆ పడిపోయిన చెట్ల మధ్య కొవ్వొత్తి పెట్టుకుని కూర్చుంటే చుక్కల వైపు చూడాలనిపించలేదు. నిశ్శబ్దం సంగతీ అంతే. వచ్చిన కొత్తలో చుట్టాలందరికీ ఫోన్ చేసి "ఇక్కడ చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది" అనేవాణ్ణి. వానాకాలంలో సముద్రం హోరుకి పక్కన మనిషి మాటే వినపడదు, ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు.

మాది ఇద్దరమే ఉండే ఇల్లు. పెన్షన్ వస్తుంది, పిల్లలు స్థిరపడ్డారు. అందుకే కుదిరింది. చదువుకునే పిల్లలున్నవాళ్లకీ, తరచూ డాక్టరు అవసరమయ్యేవాళ్లకీ రమ్మని చెప్పడానికి నాకు నోరు రాదు. పెద్దాసుపత్రి అంటే బరంపురమో శ్రీకాకుళమో పరుగెత్తాలి. మోకాళ్లు సహకరించినంత కాలం మేం ఇక్కడే ఉంటాం, ఆ తర్వాత సంగతి తెలియదు.

మా పక్కన కొత్త ఇల్లు లేస్తోంది. సముద్రం వైపు ప్రహరీ మీద ఆరు దీపాలకు గొట్టాలు బిగించారు. గృహప్రవేశం కాకముందే వెళ్లి మాట్లాడాలి.