క్యాట్రిడ్జా, సీడీనా? నింటెండో 64, ప్లేస్టేషన్‌లలో ఏది మేలు

1996 జూన్‌లో నింటెండో 64 గేమ్ కన్సోల్ జపాన్‌లో విడుదలయ్యేసరికి సోనీ ప్లేస్టేషన్ వచ్చి ఏడాదిన్నర అయింది. సెగా శాటర్న్ కూడా సీడీ బాటే పట్టింది. నింటెండో మాత్రం క్యాట్రిడ్జ్‌ని, అంటే మనవాళ్లు వీడియో గేమ్ క్యాసెట్ అనే దాన్ని, వదల్లేదు. అది తప్పుడు నిర్ణయమని చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు. కంపెనీ లాభనష్టాల సంగతి సరే, ఆడేవాళ్ల వైపు నుంచి చూస్తే అంత తేలిగ్గా తేలదు.

ముందు వేగం చూద్దాం. ప్లేస్టేషన్ డ్రైవ్ సెకనుకు 300 కిలోబైట్లు చదువుతుంది. మెయిన్ ర్యామ్ 2 ఎంబీ. అది నిండడానికే దాదాపు ఏడు సెకన్లు కావాలి. లెన్స్ అటూ ఇటూ జరిగే సమయం దీనికి అదనం. ‘రెసిడెంట్ ఈవిల్’లో గది మారినప్పుడల్లా తలుపు అంత నెమ్మదిగా తెరుచుకునేది ఇందుకే, ఆలోగా తర్వాతి గది లోడవుతుంది. లోపాన్నే భయంగా మార్చిన ఆ పనితనం మెచ్చుకోదగ్గది. నామ్కో వాళ్లు ‘రిడ్జ్ రేసర్’ని ఏకంగా ర్యామ్‌లోకి ఎక్కించేశారు. ఆట మొదలయ్యాక డిస్క్ తీసి, మనకిష్టమైన పాటల సీడీ పెట్టుకుని రేసు నడపొచ్చు.

క్యాట్రిడ్జ్‌లో ఉండేది చిప్ కాబట్టి తిరిగే మోటారు లేదు, వెతికే లెన్స్ లేదు. ‘సూపర్ మారియో 64’లో గోడమీద బొమ్మలోకి దూకగానే కొత్త లోకంలో ఉంటాం. చేతిలో ఆట ఆగకుండా సాగడమే ముఖ్యమనుకుంటే నా ఓటు క్యాట్రిడ్జ్‌కే.

చోటు విషయంలో మాత్రం పోటీయే లేదు. సీడీలో 650 ఎంబీ పడుతుంది. ‘సూపర్ మారియో 64’ 8 ఎంబీ, ‘ఒకరినా ఆఫ్ టైమ్’ 32 ఎంబీ. 1999లో రెండు సీడీల ‘రెసిడెంట్ ఈవిల్ 2’ని 64 ఎంబీ క్యాట్రిడ్జ్‌లో ఇమిడ్చారు కానీ, వీడియోల నాణ్యత బాగా తగ్గించాల్సి వచ్చింది. అయితే నింటెండో 64 బొమ్మలు మసగ్గా కనిపించడానికి నిందంతా క్యాట్రిడ్జ్‌దే కాదు. అందులో టెక్స్చర్ మెమరీ, అంటే గోడలూ నేలల మీద పరిచే బొమ్మల్ని ఉంచే చోటు, 4 కిలోబైట్లే, చిన్న బొమ్మను సాగదీసి గోడంతా పరిస్తే మసకబారక తప్పదు.

అసలు తీర్పు చెప్పింది డబ్బు. క్యాట్రిడ్జ్‌లు ఖరీదైనవి, పైగా వాటిని నింటెండో ద్వారానే వారాల ముందు ఆర్డర్ చేయాలి. తక్కువ చేయిస్తే ఆట మీద మోజు ఉండగా సరుకు దొరకదు, ఎక్కువ చేయిస్తే గోడౌన్లో మిగిలిపోతుంది. సీడీ చవక, అయిపోతే కొద్ది రోజుల్లో మళ్లీ ముద్రించొచ్చు. ‘పరప్పా ది ర్యాపర్’ లాంటి వింత ప్రయోగానికి ధైర్యం అక్కడి నుంచే వచ్చింది. 1997 జనవరిలో స్క్వేర్ అనే గేమ్ కంపెనీ మూడు సీడీల ‘ఫైనల్ ఫాంటసీ 7’ని ప్లేస్టేషన్‌కే ఇచ్చింది, 2000లో ‘డ్రాగన్ క్వెస్ట్ 7’ కూడా అటే వెళ్లింది. చివరికి ప్లేస్టేషన్ పది కోట్లకు పైగా అమ్ముడైతే, నింటెండో 64 దాదాపు 3.3 కోట్ల దగ్గర ఆగింది.

ఇప్పుడు పాతది కొనాలనుకునేవాళ్లకు లెక్క వేరు. క్యాట్రిడ్జ్ పనిచేయకపోతే నోటితో ఊదకండి, ఆ తేమకు కాంటాక్టులు, అంటే కింద కనిపించే లోహపు పట్టీలు, తుప్పు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టండి. ‘ఒకరినా’ సేవ్‌లు, అంటే ఆట ఎక్కడిదాకా ఆడామో దాచిన వివరాలు, లోపలి బ్యాటరీ మీద నిలుస్తాయి. అది అయిపోతే సేవ్‌లూ పోతాయి, మార్చాలంటే సోల్డరింగ్ తప్పదు. ‘మారియో 64’కి ఆ బెడద లేదు.

ప్లేస్టేషన్‌లో ముందు అరిగేది డ్రైవ్. తొలి మోడల్ అయిన 1000 సిరీస్‌లో లెన్స్ జారే ప్లాస్టిక్ పట్టాలు అరిగి వీడియోలు తెగుతాయి. కన్సోల్‌ని తలకిందులుగా పెడితే కొన్నాళ్లు నడుస్తుంది కానీ అది మరమ్మతు కాదు, లేజర్ యూనిట్ మార్చాల్సిందే. తర్వాత వచ్చిన 7000 సిరీస్ గానీ, చిన్న సైజు పీఎస్ వన్ గానీ తీసుకోండి. కథలున్న పెద్ద ఆటలు కావాలంటే ఇదే సరైనది. నలుగురు ఒకే టీవీ ముందు కూర్చుని ఆడాలంటే మాత్రం నింటెండో 64 కొనండి, నాలుగు కంట్రోలర్లకూ చోటు దానిలోనే ఉంది. ప్లేస్టేషన్‌కి మల్టీట్యాప్, అంటే ఎక్కువ కంట్రోలర్లు తగిలించే పరికరం, విడిగా వెతుక్కోవాలి.