సోఫా తుక్కు స్పాంజితో మూడేళ్లు

మట్టి ప్రమిదల మీద బొమ్మలు అద్దడానికి నేనే కోసుకున్న స్పాంజి స్టాంపులు నా దగ్గర ఇప్పుడు పదకొండున్నాయి. సోఫా ఫోముతో మొట్టమొదట కోసింది మాత్రం లేదు. కడిగి మేడమీద ఆరేసి మరిచిపోయాను. కొన్నాళ్లకు చూస్తే పసుపుపచ్చగా మారి, పట్టుకోగానే పొడిపొడిగా రాలిపోయింది. అనంతపురం ఎండ సంగతి తెలిసీ చేసిన పని.

నేను కుమ్మరిని కాదు. తెలిసిన కుమ్మరి అన్న దగ్గర పచ్చి ప్రమిదలు, మూకుళ్లు తెచ్చుకుని, తెల్లమట్టితో బొమ్మలు అద్ది, మళ్లీ ఆయన ఆములోనే, అంటే కుండలు కాల్చే బట్టీలోనే, కాల్పిస్తాను.

మొదట ఆన్‌లైన్‌లో అట్టలా అణిచిన స్పాంజి షీట్లు తెప్పించాను. పెన్నుతో గీసి, కత్తెరతో కత్తిరించి నీళ్లలో వేస్తే పూరీలా పొంగుతుంది. ముచ్చటగానే ఉంటుంది కానీ, ఆరితే గట్టిపడుతుంది, ప్రతిసారీ నానబెట్టాలి. గిన్నెలు తోమే స్పాంజి మరీ మెత్తన, నొక్కితే బొమ్మ అలుక్కుపోతుంది. చివరికి పనికొచ్చింది సోఫాలు కుట్టే షాపులో తుక్కు కింద పడేసే గట్టి ఫోము. రెండంగుళాల మందం ఉంటే పట్టుకోవడానికీ వీలు. సోల్డరింగ్ కడ్డీ తాకిస్తే కరిగి గీత పడుతుంది. ఆ పొగ మాత్రం మంచిది కాదు, ఆరుబయటే కూర్చోవాలి. అక్షరాలు తిరగేసి కోయాలన్న సంగతి నాకు పది మూకుళ్ల మీద ‘శ్రీ’ అద్దాక గుర్తొచ్చింది.

లేపాక్షి లతామండపం స్తంభాల మీది డిజైన్లు చీర అంచుల్లోకి దిగాయి కదా, మట్టి మీదికి ఎందుకు దిగవు అనుకున్నాను. దిగలేదు. రెండు రోజులు కూర్చుని కోసిన హంస తెల్లటి ముద్దలా పడింది. మూడు నాలుగు మిల్లీమీటర్ల కన్నా సన్నని గీత స్పాంజిలో నిలవదు. అదే వేరుశనక్కాయ చూడండి, రెండు ఉబ్బులు, నడుమ నొక్కు, అంతే. పొట్టు మీది గరుకుదనం స్పాంజి రంధ్రాలే తెచ్చిపెట్టాయి. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్‌లో చౌక పింగాణీ మీద స్పాంజితో అద్దినవీ ఎక్కువగా పువ్వులు, ఆకుల్లాంటివే. ఇంగ్లండ్‌లో 1985లో మొదలైన ఎమ్మా బ్రిడ్జ్‌వాటర్ అనే పింగాణీ కంపెనీ వాళ్లు ఇప్పటికీ అలా చేత్తోనే అద్దుతున్నారు.

అసలు దెబ్బ మొదటి దీపావళికి తగిలింది. పూర్తిగా ఎండిన ప్రమిదల మీద అద్దాను. కాల్చకముందే తెల్లమట్టి పూత పెచ్చులూడింది. కుమ్మరి అన్న నవ్వి, "ఎండిపోయినాక పూస్తే ఎట్ల నిలుస్తాదక్కా? ప్రమిద ముడుచుకునేది అయిపోయింది, నీ పూత ఇప్పుడు ముడుచుకుంటాది" అన్నాడు. అప్పట్నుంచి సగం ఆరినప్పుడే అద్దుతున్నాను. మూడు వంతుల చైనా క్లేకి (నేను వాడే తెల్లమట్టి ఇదే) ఒక వంతు ఆయన మట్టే జల్లించి కలుపుతాను. తెలుపు కాస్త తగ్గినా ఊడదు. ఆములో పొగ తగిలిన చోట బూడిదరంగు వస్తుంది, దానికి చేసేదేమీ లేదు.

పూత గట్టి మజ్జిగలా ఉండాలి. స్టాంపును తడిపి, బాగా పిండి, పళ్లెంలో పరిచిన పూత మీద తేలిగ్గా తాకించాలి. తడి ఎక్కువైతే బుడగలు పగిలి సున్నాలు పడతాయి. మే నెలలో పళ్లెం మీద తడిగుడ్డ కప్పకపోతే పది ప్రమిదలయ్యేసరికి పూత చిక్కబడిపోతుంది. పని కాగానే కడగాలి, లేదంటే రంధ్రాలు పూడుకుపోతాయి. నీడలో పెట్టుకుంటే ఫోము స్టాంపు నాకు ఏడాది పైనే వస్తోంది.

ఆన్‌లైన్ షీట్లు ఇంకా రెండున్నాయి. అవి అయిపోతే మళ్లీ కొనను. వేరుశనక్కాయ స్టాంపు ఇప్పుడు వాడుతున్నది మూడోది, రెండోది కుమ్మరి అన్న అడిగి తీసుకున్నాడు.