జీఎస్‌డీ టైప్ 1 ఉన్న పిల్లలకు కార్న్‌ఫ్లోర్: ఏది కొనాలి, ఎట్లా తాగించాలి

సీల్ ఉన్న అట్టపెట్టెలో వచ్చే తెల్లటి కార్న్‌ఫ్లోర్‌కు ఐదుకు ఐదు మార్కులు ఇవ్వొచ్చు. సంచిలోంచి తీసి విడిగా తూచి ఇచ్చేదానికి ఒక్కటి కూడా ఇవ్వలేం. గ్లైకోజెన్ స్టోరేజ్ డిసీజ్ టైప్ 1 ఉన్న బిడ్డకు ఇది వంట సరుకు కాదు, మందే. ఈ పిల్లల కాలేయం నిల్వ చేసుకున్న చక్కెరను రక్తంలోకి వదల్లేదు. పచ్చి కార్న్‌ఫ్లోర్ పేగుల్లో మెల్లగా అరిగి, మూడు నాలుగు గంటలపాటు గ్లూకోజ్ అందిస్తుంది. 1984లో వైద్య పత్రికలకెక్కిన ఈ పద్ధతే ఇప్పటికీ చికిత్సకు ఆధారం.

మహబూబ్‌నగర్, నల్లగొండ సూపర్‌మార్కెట్లలో వీక్‌ఫీల్డ్, బ్రౌన్ అండ్ పోల్సన్ లాంటి పెట్టెలు చూడండి. పదార్థాల వరుసలో మక్క స్టార్చ్ ఒక్కటే ఉండాలి. కిరాణంలో మక్క పిండి అని అడిగితే రొట్టెలు చేసే పసుప్పచ్చ పిండి ఇస్తారు. అందులో పీచు, నూనె, మాంసకృత్తులు కూడా ఉంటాయి కాబట్టి గ్రాముకు గ్రాము సరిపోదు. కస్టర్డ్ పౌడర్ కూడా వద్దు. విడి పిండిలో మైదానో, వేరే గంజిపిండో కలిసినా చూపుకు తెలియదు. ఒక బ్రాండ్ కుదిరాక మార్చకండి. తప్పక మారిస్తే మొదటి రెండు రోజులు తాగించిన తర్వాత 3వ గంటకు, 4వ గంటకు రక్తంలో చక్కెరను గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తగ్గకూడదు.

మోతాదు డాక్టరే రాయాలి. చిన్నపిల్లలకు సాధారణంగా కిలో బరువుకు 1.6 గ్రాములు, 3-4 గంటలకోసారి ఇస్తారు. 12 కిలోల బిడ్డకు ఒకసారికి 19 గ్రాములు. రోజుకు ఆరుసార్లంటే నెలకు దాదాపు మూడున్నర కిలోలు, అంటే 500 గ్రాముల పెట్టెలు ఏడు. ఆరు నెలల లోపు పిల్లలకు దీన్ని అరిగించే శక్తి చాలదు. మొదట్లో కడుపు ఉబ్బరం, గ్యాసు, పలుచటి విరేచనం వస్తాయి, అందుకే కొద్దికొద్దిగా పెంచుతారు.

చెంచా లెక్క నమ్మొద్దు. సమంగా తీసిన టేబుల్‌స్పూన్‌లో దాదాపు 8 గ్రాములు పడుతుంది, గుట్టగా తీస్తే చాలా ఎక్కువవుతుంది. 0.1 గ్రాము చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు కొనండి, ఆ డబ్బు వృథా కాదు. దాని మీద 10 రూపాయల బిళ్ల పెడితే 7.7 దగ్గర చూపాలి.

ఎక్కువ ఇళ్లల్లో తప్పు జరిగేది కలిపే దగ్గర. ఉండలు కడుతోందని గోరువెచ్చటి నీళ్లు పోస్తారు, పాపం పచ్చిపిండి ఎట్లా తాగుతదని నానమ్మలు జావ కాస్తారు. ప్రేమతోనే చేస్తారు, కానీ వేడి తగిలిన స్టార్చ్ గబగబా అరిగిపోతుంది. చక్కెర ఒక్కసారిగా పెరిగి, తర్వాతి మోతాదుకు ముందే పడిపోతుంది. నిమ్మరసం కూడా స్టార్చ్‌ను విడగొడుతుంది. పంచదార, తేనె, పండ్ల రసం, పాలు కలపొద్దు. వాటిలోని ఫ్రక్టోజ్, గెలాక్టోజ్ ఈ జబ్బులో గ్లూకోజ్‌గా బయటికి రాక లాక్టిక్ ఆమ్లాన్ని పెంచుతాయి. గ్లూకోజ్ పొడి కలిపితే ఇన్సులిన్ పెరిగి స్టార్చ్ పనిచేసే సమయం తగ్గుతుంది.

గ్రాముకు 2 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు, మూతున్న సీసా, బాగా ఊపడం, వెంటనే తాగించడం. పిండి నిమిషాల్లోనే అడుగుకు చేరి గట్టిపడుతుంది కాబట్టి గుక్కగుక్కకూ ఊపండి. చివర్లో 15 మిల్లీలీటర్ల నీళ్లతో సీసా కడిగి అదీ పట్టించండి. అడుగున మిగిలింది కూడా మోతాదులో భాగమే.

బడికైతే పొడి పిండినే తూచి చిన్న సీసాల్లో పోసి, గ్రాములు, టైము రాసి పంపండి, టీచరు నీళ్లు కలిపితే చాలు. హైదరాబాద్ నిమ్స్‌కు చూపించడానికి బస్సులో పోయేటప్పుడు దారిలో ఆలస్యమయ్యేది చూసుకుని ఒక మోతాదు అదనంగా పెట్టుకోండి. వానాకాలంలో తెరిచిన పెట్టెను గట్టి మూత స్టీలు డబ్బాలో పెట్టాలి. చెమ్మ పట్టిన పిండి బరువు ఎక్కువ తూగుతుంది, లోపల స్టార్చ్ తక్కువుంటుంది.

దీనికున్న పెద్ద లోపం ఒకటుంది: వాంతులైతే కార్న్‌ఫ్లోర్ ఆదుకోలేదు. తాగింది కక్కేస్తుంటే ఇంట్లో మళ్లీమళ్లీ ప్రయత్నించకుండా దగ్గరి ఆసుపత్రికి పరుగెత్తాలి. నరం ద్వారా 10 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ ద్రవం) ఎక్కించడం అవసరమని జబ్బు పేరుతో సహా మీ డాక్టరు రాసిచ్చిన కాగితం, గ్లూకోమీటర్ పెట్టుకునే సంచిలోనే ఎప్పుడూ ఉంచండి.