బండి మిస్సింగ్ కొడితే: స్కానర్ మేలా, మేస్త్రి చెయ్యి మేలా?

కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతుంటే మా 2014 మోడల్ పెట్రోలు కారు మళ్లీ కుదుపులు మొదలుపెట్టింది. పికప్ లేదు, సైలెన్సర్‌లోంచి ఫట్‌ఫట్‌మని చప్పుడు, మీటర్‌లో ఇంజన్ లైటు. సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా అంటుకోకపోవడాన్నే షెడ్డుల్లో మిస్సింగ్ అంటారు. ఏడాదిలో ఇది మూడోసారి. మొదటిసారి షెడ్డులో ప్లగ్గులు మార్చారు, రెండోసారి ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ ఒకటి వేశారు. రెండు మూడు నెలలు బాగుండేది, తర్వాత మళ్లీ మొదటికే. అందుకే ఈసారి పైసలు తీసేముందు ఏ దారి పట్టాలో ఆలోచించాను.

స్కానర్‌తో మొదలుపెడితే పని తొందరగా అవుతుంది. 2013 ఏప్రిల్ నుంచి బీఎస్-4 (కాలుష్య ప్రమాణం) కార్లకు ఓబీడీ-2, అంటే ఇంజన్ తప్పులను కనిపెట్టి కోడ్‌గా దాచే ఏర్పాటు, తప్పనిసరి చేశారు, కాబట్టి మా బండికి స్టీరింగ్ కింద సాకెట్ ఉంది. స్కానర్ దానికి తగిలిస్తే ఆ కోడ్ కనిపిస్తుంది. పీ0301 వస్తే మిస్సింగ్ మొదటి సిలిండర్‌లో, పీ0302 అయితే రెండో దాంట్లో. పీ0300 అంటే ఏదో ఒక్క సిలిండర్ అని చెప్పలేం, అక్కడక్కడా తప్పుతోందని. మాకు పీ0302 వచ్చింది. అయితే ఆ అంకె చెప్పేది చోటు మాత్రమే. కారణం ప్లగ్గు కావచ్చు, కాయిల్, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, వాల్వు, ఏదైనా కావచ్చు. కోడ్ చూడగానే సామాను మార్చే షెడ్డు నుంచి బండి బయటికి తెచ్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం. పాత కార్బురేటర్ మారుతి 800 లాంటి బండికైతే ఈ సాకెటే ఉండదు, అక్కడ చెవీ చెయ్యే దిక్కు.

హన్మకొండలో ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కొత్త సామాను ఏదీ తెప్పించలేదు. ఇంజన్ ఆపి, రెండో సిలిండర్ కాయిల్ మూడోదానికి, మూడోది రెండోదానికి పెట్టారు. కోడ్ తుడిచి నన్ను ఒక రౌండు తిప్పుకు రమ్మన్నారు. తిరిగొచ్చేసరికి పీ0303 పడింది. కాయిల్‌తోపాటే మిస్సింగ్ కూడా మూడోదానికి మారింది. మారకుండా రెండో దగ్గరే ఉండి ఉంటే ప్లగ్గు మార్చి చూసేవాళ్లు, తర్వాత ఇంజెక్టర్, అదీ కాకపోతే కంప్రెషన్, అంటే సిలిండర్‌లోని ఒత్తిడి.

చాలామంది ఇక్కడే ఆగి కొత్త కాయిల్ వేస్తారు. ఆయన మాత్రం కాయిల్ కింద, ప్లగ్గు మీద తొడుక్కునే రబ్బరు బూటును వేళ్లతో నలిపి చూశారు. ఉబ్బి, జారుతోంది. ప్లగ్గు గుంటలోకి టార్చి కొడితే అడుగున ఇంజనాయిల్ మెరిసింది.

"కాయిల్‌ది తప్పు కాదు సార్. టాపెట్ కవర్ ప్యాకింగ్ పోయింది. నూనె ఆపకుండ కాయిల్ ఏస్తే గిది కూడ గట్లనే అయితది" అన్నారు.

ఇంజన్ పైమూత కింద ఆయిల్‌ను ఆపే ఆ ప్యాకింగు, ప్లగ్గు గుంటల సీళ్లు, ఒక బూటు మార్చి, గుంటలు తుడిచారు. అంతకుముందు మేం పెట్టిన కాయిల్ ఖర్చులో సగం కూడా కాలేదు. వానాకాలమంతా నడిపాను, కరీంనగర్ రోడ్డు మీద నిండు లోడుతో కూడా మళ్లీ కుదుపు రాలేదు.

కాబట్టి స్కానరా, మేస్త్రా అంటే నేను మేస్త్రికే ఓటేస్తాను, కానీ స్కానర్ చేతిలో ఉన్న మేస్త్రికి. అది లేకుంటే ఏ సిలిండరో తేల్చడానికే ఒక పూట పోయేది. ఒక్కసారే వచ్చిన మిస్సింగైతే కోడ్ చూసి ప్లగ్గు మార్చుకోవడంలో తప్పు లేదు. రెండోసారి అదే సిలిండర్‌లో వస్తే మాత్రం సామాను మార్చే మాట పక్కనబెట్టి, అది ఎందుకు పాడైందో చూపించమని అడగాలి. అడిగేముందు ఎప్పుడు వస్తోందో రాసిపెట్టుకోండి: పొద్దున చల్లగా ఉన్నప్పుడా, వాన పడ్డాకా, ఎత్తు ఎక్కేటప్పుడా. వానలోనే వస్తే కరెంటు వైపు, లోడు మీదే వస్తే ప్లగ్గు, కాయిల్, పెట్రోలు వైపు ముందు వెతకొచ్చు.

ఇంజన్ లైటు ఆగి ఆగి వెలుగుతుంటే మాత్రం ఏ పరీక్షకూ ఆగొద్దు, బండి పక్కకు ఆపండి. కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది, దాని ముందు కాయిల్ ధర ఏపాటిది.