వంకర కత్తికి తోలు ఒర: ఏళ్ల వాడకం తర్వాత నా మాట

నూజివీడు వైపు మామిడి తోటలో కొమ్మలు కోయడానికి నేను వాడేది లోపలికి వంగిన వంకర కత్తి. దానికి తోలు ఒర నేనే కుట్టుకున్నాను. కొన్నేళ్లుగా అది నా నడుముకే ఉంది.

తిన్నని కత్తికి ఒర కుట్టడం తేలిక. వంకర కత్తితోనే వస్తుంది చిక్కంతా. మొన పక్కకు తిరిగి ఉంటుంది కనుక, నేరుగా లాగాలంటే ఒర నోరు ఆ వంపు మొత్తం పట్టేంత వెడల్పుగా ఉండాలి. అంత వెడల్పు ఉంచితే కత్తి లోపల లొడలొడలాడుతుంది, కిందికి వంగితే జారిపోతుంది. అందుకే కత్తి వీపు వైపు, అంటే పదును లేని అంచు వైపు, కుట్టకుండా వదిలేశాను. మొన దగ్గర మాత్రమే మూసి ఉంటుంది. పైన ఒక పట్టీ, దానికి నొక్కుడు గుండీ. గుండీ తీసి పిడిని వీపు వైపు తిప్పితే వాదర తోలుకు రాసుకోకుండా కత్తి బయటికొస్తుంది. ఈ ఒరలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

వాదర వైపు రెండు పొరల మధ్య అదే తోలుతో సుమారు 8 మి.మీ. వెడల్పు పట్టీ, వంపు వెంబడే కోసి పెట్టాను. వాదర ఆనేది ఆ పట్టీకే, దారానికి కాదు. మధ్య పట్టీ లేని ఒర ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. దారం తెగిన రోజు వాదర మీ తొడ మీదికొస్తుంది.

ఆరెతో రంధ్రాలు పొడిచి, మైనం పట్టించిన ఒకే దారానికి రెండు కొసల్లో రెండు సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రంలోంచీ ఎదురెదురుగా లాగాలి. ఒకచోట తెగినా మిగతా కుట్టు నిలబడుతుంది. తోలు 3 మి.మీ. మందం ఉండాలి, తంగేడు చెక్క, కరక్కాయ వంటి వాటితో శుద్ధి చేసినదై ఉండాలి. తడిపి, పల్చటి ప్లాస్టిక్ చుట్టిన కత్తి మీద ఒత్తి నీడన ఆరబెడితే ఆ ఆకారం అలాగే గట్టిపడుతుంది. క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన క్రోమ్ తోలు అలా నిలవదు.

ఇక లోపాలు. కోతలయ్యాక కొమ్మలు కత్తిరించేది వానల్లోనే. తడిసిన ఒరకు రెండు రోజుల్లో బూజు పడుతుంది. సొన తుడవకుండా కత్తి పెడితే లోపలి తోలు జిగటగా తయారవుతుంది. తేమ ఉన్నప్పుడు తోలులోని టానిన్లు (చెక్క, కాయల నుంచి తోలుకు పట్టిన వగరు పదార్థాలు) ఇనుముతో కలిసి కత్తి మీద నల్లటి మరకలు వేస్తాయి. రాత్రిళ్లు కత్తిని ఒరలో ఉంచకండి, నూనె గుడ్డతో తుడిచి విడిగా పెట్టండి. ఇత్తడి గుండీకి పచ్చటి చిలుము పట్టింది కనుక స్టెయిన్‌లెస్ స్టీలు గుండీయే మేలు. వానలకు ముందు ఒకసారి తేనెమైనం పట్టిస్తే చాలు. నూనె ఎక్కువైతే తోలు మెత్తబడి పట్టు వదిలేస్తుంది.

ప్లాస్టిక్ ఒరకు ఈ బాధలేవీ లేవు, నిజమే. కానీ కత్తి దూర్చిన ప్రతిసారీ వాదర గట్టి అంచుకు గీసుకుంటుంది. తోలు ఒర మొదలుపెట్టాక నేను సానపట్టడం బాగా తగ్గింది. కుట్టు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. బెల్టు దూర్చే పట్టీ మాత్రం మడత దగ్గర పగుళ్లిచ్చింది. దాన్నొక్కదాన్నే విప్పి, పాత రంధ్రాల్లోనే కొత్తది కుట్టుకోవచ్చు.