సకన్‌డాగాలో ఐదు వసంతాలు వాడిన జెర్క్‌బైట్

న్యూయార్క్ రాష్ట్రంలో గ్రేట్ సకన్‌డాగా లేక్ మీద ఐదు వసంతాలుగా నేను వాడుతున్నది ఒకే రకం ఎర: నాలుగు అంగుళాల సస్పెండింగ్ జెర్క్‌బైట్. చిన్న చేప ఆకారంలో ఉండే ప్లాస్టిక్ ఎర ఇది. గుంజితే పక్కకు దూకుతుంది. ఆపితే తేలదు, మునగదు, ఉన్నచోటే నిలబడుతుంది. ఆ నిలబడటం కోసమే దీనికి డబ్బు పెట్టొచ్చు.

పేరుకు లేక్ గానీ ఇది రిజర్వాయరే. హడ్సన్ నది వరదల్ని అదుపు చేయడానికి 1930లో కాంక్లిన్‌విల్ డ్యామ్ వెనక నింపారు. చలికాలంలో మట్టం తగ్గిస్తారు. మంచు కరిగాక నీళ్లు పెరుగుతూ ఒడ్డు గడ్డిని ముంచుతాయి. గుడ్లు పెట్టేసిన పైక్ అనే పదునైన పళ్ల వేటచేప మే మొదట్లో ఇంకా ఆ లోతు తక్కువ నీళ్లలోనే, మన కొరమీనులా గడ్డి అంచున కదలకుండా పొంచి ఉంటుంది. 1940లో ఇక్కడ పడిన 46 పౌండ్ల 2 ఔన్సుల పైక్ ఇప్పటికీ రాష్ట్ర రికార్డు. స్మాల్‌మౌత్ బాస్ అనే ఇంకో వేటచేప కోసమైతే రాళ్ల ఒడ్డుకు వెళ్లాలి.

నీళ్లు 48 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటే రెండుసార్లు గుంజి పది లెక్కపెట్టాలి. నాకు అది అలవాటవడానికి ఒక సీజన్ మొత్తం పట్టింది, చేయి ఊరుకోదు. కానీ చేప కొట్టేది దాదాపు ఎప్పుడూ ఆపినప్పుడే. 60 దాటాక రెండు సెకన్లు చాలు.

అసలు చిక్కంతా లీడర్‌తోనే, అంటే లైన్ చివర ఎరకు ముందు కట్టే గట్టి ముక్కతో. పైక్ పళ్లకు మామూలు లైన్ నిలవదు. పోనీ అని లావు స్టీల్ లీడర్ కడితే ఆ బరువుకు ఎర ముక్కు వాల్చి మెల్లగా మునిగిపోతుంది, బాస్ వెంట వచ్చి కూడా ముట్టుకోకుండా తిరిగిపోతుంది. రెండేళ్లు రెండూ మార్చి మార్చి కట్టాక, ఇప్పుడు 40 పౌండ్ల బలం తట్టుకునే ఫ్లోరోకార్బన్ (గట్టి ప్లాస్టిక్ దారం) అడుగున్నర కడుతున్నాను. ప్రతి పైక్ తర్వాత వేళ్లతో తడిమి చూస్తాను, గరుగ్గా తగిలితే కోసేసి మళ్లీ ముడి వేస్తాను. అయినా రెండు పైక్‌లు తెంపుకుపోయాయి. నోట్లో గాలాలతో వెళ్లాయన్న బాధ నాకు ఇంకా ఉంది. మీకు పైక్ ఒక్కటే కావాలంటే స్టీలే కట్టండి.

మూడు ముళ్ల గాలాలు వలలో దారుణంగా చిక్కుకుంటాయి. పైగా జూన్ 15 వచ్చేదాకా ఇక్కడ బాస్‌ని పట్టి వదిలేయాల్సిందే. అందుకే కొత్త ఎర కొనగానే గాలాల మొనల దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముళ్లను ప్లయర్‌తో నొక్కేస్తాను. లైన్ బిగువుగా ఉంచితే చేప జారడం తక్కువే, వదలడం మాత్రం క్షణాల్లో అయిపోతుంది.

పైక్ పళ్లకు ఎర మీది రంగు లేచిపోయింది, చేపలకు అది పట్టలేదు. గాలాలను ఎరకు పట్టి ఉంచే రింగులు తుప్పు పడతాయి, ఏటా మార్చండి. ఎదురుగాలిలో మాత్రం ఈ ఎర దూరం పోదు, అలాంటి రోజు నేను స్పూన్ (చెంచా ఆకారపు లోహపు ఎర) వేస్తాను.