పాత ఇంటి గోడలో లీకేజీ పట్టే పరికరాలు: దేన్ని ఎంతవరకు నమ్మాలి

గోడ మీద మచ్చ ఎక్కడుంటే పైపు అక్కడే పగిలిందనుకుని ఉలి పెట్టడం వల్ల పాత ఇళ్లకు జరిగే నష్టం అంతా ఇంతా కాదు. నీళ్లు పైపు వెంబడో, స్లాబులోని కడ్డీ వెంబడో, టైల్స్ కింది ఇసుక పొరలోనో జారుకుంటూ పోయి, దారి దొరికిన చోట బయటపడతాయి. అందుకే లీకేజీ పట్టే పరికరాన్ని గానీ, సర్వీసును గానీ మేము ఒకే గీటురాయి మీద చూస్తాం: చివరికి ఎంత చిన్న రంధ్రం కొడితే పని అయింది?

మా లెక్కలో అన్నిటికంటే విలువైనది అన్నిటికంటే సాదాసీదాది: పైపులోని ఒత్తిడి చూపే ప్రెషర్ గేజ్, దానికి తోడు పైపులోకి నీళ్లు నెట్టి ప్రెషర్ ఎక్కించే చిన్న చేతిపంపు. కారణం ఒక్కటే. ఇది లీకేజీ ఎక్కడుందో చెప్పదు, ఏ లైనులో ఉందో చెబుతుంది. చన్నీళ్ల లైనా, వేన్నీళ్ల లైనా, డ్రైనేజీ పైపా అన్నది తేలకుండా కెమెరా తీసినా చెవి ఆనించినా చీకట్లో తడుముకోవడమే.

పంపుతో లైనులోకి ప్రెషర్ ఎక్కించి, గేజ్ ముల్లు దిగుతుందేమో చూడటమే టెస్టు. ఇందులో పొరపాట్లు ఎక్కువగా మొదట్లోనే జరుగుతాయి. కుళాయిలు కట్టేసి ఊరుకుంటే చాలదు. కుళాయికి ముందు గోడ దగ్గర ఉండే పాత యాంగిల్ వాల్వుల్లో వాషర్ అరిగిపోయి సన్నగా కారుతూ ఉంటుంది, ఆ తప్పు గోడలోని పైపు మీద పడుతుంది. ప్రతి పాయింటు దగ్గరా వాల్వు విప్పి, పైపు నోరు మూసే ఎండ్‌ప్లగ్ బిగించాలి. గీజరును పక్కకు తప్పించాలి. దాని ఇన్‌లెట్‌లో ఉండే నాన్‌రిటర్న్ వాల్వు (నీళ్లను వెనక్కి పోనివ్వనిది) చన్నీళ్ల లైనులో తగ్గిన ప్రెషర్‌ను వేన్నీళ్ల గేజ్‌కు తెలియనివ్వదు, కాబట్టి రెండు లైన్లనూ విడివిడిగా చూడాలి. తర్వాత అన్నిటికంటే ఎత్తున్న పాయింటు దగ్గర ప్లగ్ కాస్త వదులు చేసి గాలి మొత్తం పోనివ్వాలి. పైపులో గాలి ఉండిపోతే అది స్ప్రింగులా నొక్కుకుని, నీళ్లు కారిపోతున్నా ముల్లును నిలబెట్టేస్తుంది. చిన్న లీకేజీలు తప్పించుకునేది ఇక్కడే.

ఎంత ప్రెషర్ పెట్టాలి? ఆ లైను మామూలుగా మోసే దానికి ఒకటిన్నర రెట్లు, అంతకు మించొద్దు. ప్రెషర్‌ను బార్‌లలో కొలుస్తారు, 10 మీటర్ల ఎత్తు నీళ్లు సుమారు 1 బార్ ఇస్తాయి. పై ట్యాంకు 8 మీటర్ల ఎత్తులో ఉంటే లైనులో ఉండేది 0.8 బార్, కాబట్టి టెస్టుకు 1.2 బార్ చాలు. పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపుల్లో మరలు కోసిన చోట లోహం ముందే పల్చన, పైగా లోపలి తుప్పే కొన్ని రంధ్రాలను మూసి ఉంచుతుంది. 6 బార్ దాకా కొట్టేస్తే లేని లీకేజీలు పుట్టుకొస్తాయి. డయల్ కూడా 0 నుంచి 4 బార్ వరకు ఉన్నది కొనాలి. 16 బార్ గేజ్ మీద 0.1 బార్ తేడా కంటికి ఆనదు. అరగంట ఆగి చూడాలి. ప్లాస్టిక్ పైపు మొదటి పది నిమిషాల్లో కొద్దిగా సాగి ముల్లు దిగుతుంది. మళ్లీ పంపు చేసి, అక్కడి నుంచి అరగంట లెక్కపెట్టాలి.

గేజ్ చేతిలో లేకపోతే ట్యాంకే గేజ్. రాత్రి కుళాయిల దగ్గరి వాల్వులన్నీ కట్టేసి నీటి మట్టం దగ్గర గీత గీయాలి. 1.1 మీటర్ల వ్యాసమున్న గుండ్రటి ట్యాంకులో 1 సెంటీమీటరు తగ్గితే దాదాపు 9.5 లీటర్లు పోయినట్టు. నీటి మీటరున్న ఇంట్లో మీటరులోని చిన్న చక్రం కదులుతోందేమో చూస్తే సరిపోతుంది.

ఇక అందరూ మోజుపడే థర్మల్ కెమెరా. దీని గురించి ఒక అపోహ పోవాలి: ఇది గోడ లోపలికి చూడదు, నీటిని చూడదు. గోడ పైపొర వేడిని మాత్రమే చూస్తుంది. తడి ఆరేటప్పుడు ఆ చోటు చల్లబడుతుంది కాబట్టి చెమ్మ ముదురు నీలం మచ్చలా కనిపిస్తుంది. వేన్నీళ్ల లైనుకు ఇది అద్భుతంగా పనికొస్తుంది: గీజరు వేసి, కుళాయి తిప్పి పది పదిహేను నిమిషాలు వేన్నీళ్లు పారనిస్తే పైపు దారి గోడ మీద గీత గీసినట్టు వస్తుంది, కారే చోట ఆ గీత ఉబ్బి మబ్బులా పరుచుకుంటుంది. చన్నీళ్ల లైనుకు అంత నమ్మకంగా చెప్పలేం. గోడ ముందే పూర్తిగా నానిపోయి ఉంటే మచ్చంతా ఒకే రంగులో ఉంటుంది, మూలం తెలియదు. నున్నటి టైల్స్ అద్దంలా పనిచేస్తాయి, కెమెరా పట్టుకున్న మనిషి ఒంటి వేడే మచ్చగా కనిపిస్తుంది. పక్కకు రెండడుగులు జరిగి చూడండి. మచ్చ కూడా జరిగితే అది ప్రతిబింబం. కొనేవాళ్లు 160×120 పిక్సెళ్లకు తగ్గొద్దు. సుమారు 50 డిగ్రీల లెన్సుతో 2 మీటర్ల దూరం నుంచి చూస్తే అందులో ఒక్కో పిక్సెల్ సెంటీమీటరుకు కాస్త పైన పడుతుంది, అరంగుళం పైపుకు అది సరిగ్గా చాలుతుంది. ఒక్క ఇంటికోసమైతే కొనకండి, అద్దెకు తెచ్చుకోండి.

చెమ్మ కొలిచే మాయిశ్చర్ మీటరు చవక, వాడే పద్ధతి తెలిస్తే బాగా ఉపయోగపడుతుంది. మీటరు మీద కనిపించే శాతం కలపకు లెక్కగట్టింది. ప్లాస్టరు మీద ఆ అంకెకు సొంత అర్థం లేదు, పోలికకే పనికొస్తుంది. పొడిగా ఉన్న గోడ మీద ముందు రీడింగు తీసుకుని, చెమ్మ గోడ మీద 20 సెంటీమీటర్ల గళ్లు సుద్దతో గీసి, ప్రతి గడిలో అంకె రాసుకుంటూ పోతే ఎక్కడ ఎక్కువగా ఉందో గోడే పటం గీసిస్తుంది. ఒక్క జాగ్రత్త: తెల్లటి ఉప్పు పూసిన చోట పిన్ను మీటరు ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే అది కొలిచేది విద్యుత్ నిరోధాన్ని, ఉప్పు ఆ నిరోధాన్ని తగ్గిస్తుంది. పిన్నుల్లేని రకం పైపై రెండు సెంటీమీటర్ల వరకే పట్టుకుంటుంది, ప్లాస్టరు కింద ఇనుప జాలీ ఉంటే అదీ మోసపోతుంది.

చప్పుడు వినే పరికరం జీఐ, రాగి పైపుల మీద చక్కగా పనిచేస్తుంది, లోహం శబ్దాన్ని దూరం మోస్తుంది కాబట్టి. ప్లాస్టిక్ పైపు ఆ శబ్దాన్ని మింగేస్తుంది. పైగా చప్పుడు రావాలంటే నీళ్లు జోరుగా చిమ్మాలి, పై ట్యాంకు నుంచి వచ్చే 0.8 బార్‌కు ఊట మెత్తగా కారుతుందే తప్ప సవ్వడి చేయదు. ప్లాస్టిక్ లైనుకు, నేల కింద పోయిన పైపుకు గ్యాస్ పద్ధతే మేలు: నీళ్లు ఖాళీ చేసి 5 శాతం హైడ్రోజన్, 95 శాతం నైట్రోజన్ మిశ్రమం ఎక్కిస్తారు. ఈ పాళ్లలో అది అంటుకోదు. హైడ్రోజన్ కాంక్రీటు సందుల్లోంచి పైకి వస్తుంది, సెన్సరు పసిగడుతుంది. టైల్స్ ఉన్న నేల మీద మాత్రం గ్యాస్ టైల్ కింద పాకి ఏదో ఒక సందులోంచి బయటపడుతుంది, ఒక అడుగు అటూ ఇటూ అవుతుంది.

గేజ్ కదలకుండా నిలబడితే తప్పు డ్రైనేజీది, లేదా బాత్రూం నేలది. అప్పుడు యంత్రాలన్నీ పక్కన పెట్టి నేల మీది నీళ్లు బయటికి పోయే ట్రాప్ నోరు మూసి, 25 మిల్లీమీటర్ల నీళ్లు నిలిపి 24 గంటలు ఉంచాలి. కింద తడి రాకపోతే నేల మంచిదే. ట్రాప్ తెరిచి రంగు కలిపిన బకెట్ నీళ్లు పోయండి. ఇప్పుడు రంగు దిగితే ట్రాప్‌కూ పైపుకూ మధ్య జాయింటు పోయినట్టే, పాత ఇళ్లలో తరచూ పోయేది అదే. ఈ దశలో టైల్స్ సందుల్లో కొత్త గ్రౌట్ నింపి చేతులు దులుపుకునే సర్వీసును ఒప్పుకోకండి. గ్రౌట్ నీటిని ఆపే పొర కాదు.

రిపేరు సామాన్ల విషయానికొస్తే, ఎపాక్సీ పుట్టీ, సాగదీసి చుట్టే సిలికాన్ టేపు కంటికి కనిపించే పైపుకు తాత్కాలికంగా మంచివి, గోడలో పూడ్చే పైపుకు అస్సలు కాదు. జీఐలో ఒకచోట చిల్లు పడిందంటే ఆ ముక్కంతా ముదిరినట్టే. ఎల్బో (పైపు మలుపు) నుంచి ఎల్బో దాకా మార్చండి. సీపీవీసీ (వేన్నీళ్లు తట్టుకునే ప్లాస్టిక్ పైపు) ముక్క వేస్తే ఇత్తడి మరలున్న ఫిట్టింగుతో కలపాలి, చన్నీళ్ల ప్లాస్టిక్ పైపులకు వాడే యూపీవీసీ గమ్ము వాడకూడదు. పైపు తిన్నగా కోసి, కోసిన అంచున గరుకు తీసి, పూర్తిగా ఆరబెట్టి, గమ్ము రాసి, పావు చుట్టు తిప్పి, అరనిమిషం కదలకుండా పట్టుకోవాలి. వాల్వులోంచి సన్నగా కారుతున్న తడి మీద వేసిన అతుకు నెల తిరక్కుండానే ఊడుతుంది.

సర్వీసును పిలిచేటప్పుడు ఫోన్లోనే రెండు ప్రశ్నలు అడగండి: లైన్లు విడివిడిగా ప్రెషర్ పెట్టి చూస్తారా, గోడ పూడ్చే ముందు మళ్లీ గేజ్ పెడతారా? రెండోదానికి తడబడేవాళ్లు వద్దు. గాడి తెరిచి ఉండగానే గేజ్ అరగంట నిలబడాలి, ఆ ఫొటో మీ దగ్గర ఉండాలి.

రంగు వేయడానికి తొందరపడొద్దు. నానిన గోడ 25 మిల్లీమీటర్ల మందానికి దాదాపు ఒక నెల చొప్పున ఆరుతుంది. 230 మిల్లీమీటర్ల గోడ పూర్తిగా నానితే తొమ్మిది నెలలు. ఈలోగా ఉప్పు పూసిన ప్లాస్టరు గీకి తీసేసి, పొడి బ్రష్‌తో దులిపి, సుద్ద గళ్లలో వారానికోసారి మీటరు అంకెలు రాస్తూ ఉండండి. అంకె దిగడం ఆగిపోతే గేజ్ మళ్లీ బయటికి తీయాలి.